ఒక్క బావికి నలభై గడ్డపారలు

ఒక్క బావి తవ్వడానికి ఊళ్లకు ఊళ్లను కదిలించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేదంటే నన్ను చూడండి.

ఎనభైల్లో దమ్మపేట అవతల అడవి పల్లెల్లో మంచినీటి బావులు తవ్వించే కొత్త ఇంజనీరుని నేను. చేతిలో ప్రోగ్రాం రాసుకునే కాలిక్యులేటర్. దానికి మొదట అంకెలివ్వాలి, తర్వాత ఏ లెక్క చేయాలో చెప్పాలి. అంకెలు కంచాల దొంతరలా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. లోతు వేసి, ఆపైన వెడల్పు వేస్తే ఎంత మట్టి తీయాలో, ఎందరు కూలీలు కావాలో చెప్పే ప్రోగ్రాం రాసి, కొత్త పెళ్లికొడుకులా తిరిగాను.

మా పై ఇంజనీరు సుగుణ మేడం అడిగారు: "అంకెలు తారుమారైతే ఏం చేస్తదయ్యా?"

"ఎందుకైతయి మేడం? ఏసేది నేనే కదా!"

వేసింది నేనే. పన్నెండు మీటర్ల లోతు, మూడు మీటర్ల వెడల్పు ఉండాల్సిన బావి నా వేళ్ల కింద తలకిందులైంది. అది బావేనా, చెరువా అని అడగకుండా మిషన్ బుద్ధిగా నలభై మందిని కోరింది. నేనూ బుద్ధిగా కబురు పంపాను.

మర్నాడు బీడీలకమ్మే తునికాకు కోత మానుకొని నలభై మంది గడ్డపారలతో వచ్చేశారు. సున్నంతో గీసిన గుండ్రం చుట్టూ నిలబడితే సున్నమే కనపడలేదు.

"ఒకరి భుజాలెక్కి ఒకరం దిగాల్నా సారూ?" అంది ముత్తమ్మ అనే ఆవిడ. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఆకు కోత పాయె. మిగిలినోళ్ల కూలి సంగతేంది?"

నేను గబగబా కాలిక్యులేటర్ మీటలు మళ్లీ నొక్కసాగాను.

అంతలో వాగు దగ్గర బాట కోసుకుపోయి జీపు ఆగిపోతే, మేడం నడిచే వచ్చారు. గుంపును చూశారు, నన్ను చూశారు, కాలిక్యులేటర్ అందుకున్నారు. టకటకా మీటలు నొక్కుతూ, "వెడల్పు లోతుకన్నా ఎక్కువుంటే లెక్క చేయకుండా ఆగాలి. సున్నా ఇచ్చినా, మైనస్ ఇచ్చినా ఆగాలి. అర్థమైందా?" అన్నారు. ఒక్క కసురు లేదు! తర్వాత జనం వైపు తిరిగారు.

"పది మంది బావిలో దిగండి. మిగతావాళ్లు నాతో రండి, బాట బాగుచేద్దాం. అందరికీ కూలి ఇప్పించే బాధ్యత నాది."

కొంగు నడుముకు దోపి మొదటి రాయి తానే ఎత్తారు. నా నెత్తికి గంప వచ్చింది.

సాయంత్రం జీపు దుమ్ము రేపుకుంటూ పల్లెలోకి వచ్చింది. ముత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి అంది: "మా సారు గట్టోడే! బావి పేరు చెప్పి పిలిచి బాట ఏయించిండు!"

మేడం నవ్వాపుకోలేక జీపు చాటుకు వెళ్లారు. నేను వినయంగా తలవంచుకున్నాను, పొగడ్తను మాత్రం వాపసు ఇవ్వలేదు.

ఆనాడే గోదావరి సాక్షిగా శపథం పట్టాను: ఇక ఏ ప్రోగ్రాం రాసినా, మొట్టమొదట అనుమానించేది నా పది వేళ్లనే!