నూలు తడవని వాన

బీపీ పైది నూట ఎనభై ఆరు చూపించింది. కంటి దవాఖానలో రాజక్క చేతికి కట్టిన పట్టీ విప్పుతూ సిస్టర్, "గంట సేపు చూస్తం. తగ్గకపోతే ఇయ్యాల ఆపరేషన్ లేనట్టే. మళ్ల డేటు దొరకాలంటే రెండు నెలలు" అని చెప్పి వెళ్లిపోయింది.

రాజక్క కొత్తవాడలో నలభై ఏళ్లుగా మగ్గం మీద దర్రీ తివాచీలు నేస్తున్న మనిషి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కుడి కంటికీ పొర కమ్మి, పోయిన నెల ఎరుపు పక్కన మెరూన్ పోగు కలిపి నేసేసింది. కోడలు మానస చూపించేదాకా ఆ సంగతే తెలియలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మగ్గం దిగితే ఇక తానెందుకూ పనికిరానని ఆమె భయం. అంత భయం పెట్టుకుంటే బీపీ ఎట్లా దిగుతుంది?

మానస ఫోన్ తీసింది. నిద్ర పట్టనప్పుడు తాను వాన చప్పుడు పెట్టుకుని పడుకుంటుంది.

"కండ్లు మూసుకొని జర ఇది ఇను అత్తమ్మా. పాణం నిమ్మళమైతది."

మానస పెట్టిన ఇయర్‌ఫోన్లలో సన్నగా మొదలైన వాన రేకుల మీద దబదబా కురిసింది. రాజక్క చప్పున లేచి చెప్పుల కోసం వెతికింది.

"నూలు తడుస్తది బిడ్డా! పొద్దున రంగేసి ఆరేసిన."

ఆపరేషన్ రోజు కూడా రంగేసి వచ్చిన మహాతల్లిని ఏమనాలి? బయట ఎండ పేల్చేస్తోంది.

"అది ఫోన్ల వాన అత్తమ్మా."

"నాకు తెల్వదా? తెలిసినా కాళ్లు ఆగుతలేవు."

సిస్టర్ వచ్చి మళ్లీ చూసింది. నూట తొంభై రెండు. మానస మంచి చేయబోయి తానే చెడగొట్టింది. వెంటనే మామ సారంగపాణికి ఫోన్ చేసింది.

"మామయ్యా, నూలు లోపలెయ్యి."

"ఎండ మంచిగ కొడతాంది, ఆరనీ."

"అత్తమ్మ కన్ను కోసం చెప్తాన్న."

ఆయన పది నిమిషాలకు వీడియో కాల్‌లో మగ్గం మీద వేసిన నూలంతా చూపించాడు. రాజక్క ఫోన్‌ను కంటికి ఆనించుకుంది.

"దండెం చూపియ్యి."

ఖాళీ దండెం చూపించాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇగ ఆ వాన పెట్టు బిడ్డా."

మానస గడియారం చూసింది. సిస్టర్ చెప్పిన గంటలో పావుగంటే మిగిలింది. ఈసారి పెరిగితే అంతే. అయినా పెట్టింది. వాన మొదలవగానే రాజక్క కాళ్లు ఒకసారి కదిలి ఆగిపోయాయి.

"నలభై ఏండ్ల సంది వానంటే ఉరుకుడే. కూసోని ఇన్నది లేదు" అంది మెల్లగా.

కాసేపటికి భుజాలు జారాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. సన్నగా గురక మొదలైంది.

సిస్టర్ వచ్చి, రాజక్క నిద్రలో ఉండగానే పట్టీ చుట్టింది. నూట నలభై ఎనిమిది.

"లేపండి. డాక్టర్ సార్ రెడీగున్నరు."

మానస వంగింది గానీ లేపడానికి చేయి రాలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎనిమిదేళ్లు. పగటి పూట అత్త నిద్రపోవడం ఒక్కనాడూ చూసి ఎరగదు. సిస్టర్ వైపు తిరిగింది.

"ఒక్క నిమిషం పండనియ్యుండ్రి, సిస్టర్."