ముత్తమ్మ పెట్టిన గంజి

2004లో భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఒక మధ్యాహ్నం సోమయ్య అనే రైతు, పక్కింటి ముసలామె ముత్తమ్మను వీపున మోసుకొచ్చాడు. ఆమె ముందు పళ్లు ఊడి నోరంతా నెత్తురు.

"చేతబడి చేస్తదని కొట్టిండ్రు సిస్టరమ్మా. పట్టుకారుతోటి పళ్లు పీకుతుంటే అడ్డం పడి గుంజుకొచ్చిన."

పళ్లు లేకపోతే మంత్రం పలకదని కొందరి నమ్మకం.

ఎవరైనా కొట్టగా గాయపడి వస్తే అది మెడికో లీగల్ కేసు. పోలీసులకు చెప్పి తీరాలి. కానిస్టేబుల్ వచ్చి ఎవరు చేశారని అడిగాడు. ముత్తమ్మ నోట్లోని దూది తీసింది.

"మొదలు నా పేరు చెప్పింది గీ సోమయ్యే."

సోమయ్య తల దించుకున్నాడు. "అవ్ సారూ, నేనే. బిడ్డకు జ్వరం తగ్గలే, గామె మీద అనుమానమని ఊరోళ్లకు చెప్పిన. గింత చేస్తరనుకోలే."

నేను చదివే డిటెక్టివ్ నవలల్లో నేరం చేసేవాడు ఒకడు, చివర్లో కాపాడేవాడు ఇంకొకడు. ఇక్కడ ఇద్దరూ ఒక్కడే. ఇతనికి ఏది న్యాయం?

అతని కూతుర్నీ పిలిపించి రక్తం పరీక్ష చేస్తే మలేరియా అని తేలింది. మందులతో జ్వరం దిగింది. చూడటానికి వచ్చిన ఊరివాళ్లకు డాక్టరుగారు అదే చెప్పారు. అందరూ తలలూపారు కానీ వార్డు గడప దాటి ఎవరూ లోపలికి రాలేదు.

"ఇక ఇంటికి వెళ్లొచ్చు," ముత్తమ్మతో అన్నారు డాక్టరుగారు.

"పోయి ఏంజేయాలె సారూ? నా చేతి నీళ్లు ఎవరు తాగుతరు?"

"సోమయ్యతో రాజీ పడతావా?" అని డాక్టరుగారే అడిగారు.

"గదెట్ల? కేసు నడవనియ్యి." సోమయ్య వైపు తిరిగింది. "నీ బిడ్డను ఇటు తే. ఈడ నాకిచ్చిన గంజి నా చేత్తో పెడత. గా గడప కాడోళ్లంత చూడాలె."

సోమయ్య ముఖం పాలిపోయింది. ఆమె మంత్రగత్తె అని అతను ఇంకా నమ్ముతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నమ్ముతూనే కాపాడాడు.

"ముందుగాల నేను తాగుత."

"నువ్వు తాగితే జైలుకు భయపడి తాగిండంటరు. బిడ్డకు పెట్టనియ్యి."

అతను చివరికి పాపను ఎత్తుకొచ్చి ఆమె మంచం మీద కూర్చోబెట్టాడు. ముత్తమ్మ పెట్టిన గంజి పాప ఒక చెంచా మింగి ముఖం చిట్లించింది. "ఉప్పు లేదు!"

గడప దగ్గర ఒకామె పకపకా నవ్వింది. "మంత్రాలు వచ్చినదైతే ఉప్పన్న తెప్పించుకోకపోవునా!" అంటూ లోపలికి వచ్చి ముత్తమ్మ పక్కన కూర్చుంది. "నాకూ ఇంత పొయ్యి అత్తా."

కేసు ఆగలేదు, కొట్టినవాళ్లతోపాటు సోమయ్యా కోర్టుకు తిరిగాడు. అది సరైనదే అనుకున్నాను. కానీ కోర్టు ఎవరికి ఏ శిక్ష వేసినా, ముత్తమ్మను మళ్లీ ఊళ్లో మనిషిని చేయలేదు. దానికి ఎవరో ఒకరు గడప దాటి లోపలికి రావాలి.