మిరుగు నాటి చేపలు

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేప తినకపోతే ఏడాదంతా రోగాలే అని జగిత్యాల మొత్తం నమ్ముతుంది. మిగతా రోజుల్లో ఏం తిన్నా పట్టించుకోని వాళ్ళకు ఆ ఒక్కరోజు ఆరోగ్యం గుర్తొస్తుంది. చేప కడుపు నిండా గుడ్లతో ఉండేదీ అప్పుడే. నేను జగిత్యాల మార్కెట్లోనే చేపలు అమ్ముతాను, అందుకే ఈ మాట మొహమాటం లేకుండా అంటున్నాను.

ధర్మపురికి దిగువన మా ఊరి దగ్గర గోదావరిలో, మా మాటలో గంగలో, లోతైన మడుగు ఒకటి ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పెద్ద చేపలన్నీ అందులోకే చేరతాయి. వానలు పడి అవి గుడ్లు పెట్టేదాకా అక్కడ ఎవరూ వల వేయకూడదని మత్స్యకారుల సంఘం, సర్కారు చేపల ఆఫీసు సారు కలిసి తీర్మానించారు. బోర్డు పాతారు, ఫోటోలు దిగారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మా ఆయన అందరికన్నా ఎక్కువ నమ్మాడు. "మడుగు నిలిస్తే మల్ల దుబాయి మొఖం జూడ" అన్నాడు. నేనూ నమ్మాను.

మిరుగు ముందురోజు సాయంత్రం సారు బండి మీద సంచితో దిగాడు.

"పై ఆఫీసోళ్లు అడుగుతున్నరు. మంచియి నాలుగు చూడుండ్రి."

బోర్డు పక్కనే నిలబడి అడిగాడు, చదువు రాని మనిషేం కాదు. కంచే చేను మేస్తుంటే సంఘానికి ఇంకేం భయం? "ఒక్కనాడే గద తమ్మీ, గంగల చేపలు ఒడుస్తయా?" అని సంఘం పెద్దమనిషి మా ఆయన భుజం తట్టాడు.

"మీరు ఏసుకోండ్రి. నేనెయ్య" అని ఆయన వల చుట్టి ఇంటికి తెచ్చాడు. అందరూ నవ్వారు.

తెల్లారి మార్కెట్లో ఎవరి తట్టలో చూసినా మడుగు చేపలే. నా తట్టలో మాత్రం కోరుట్ల నుంచి తెప్పించిన చెరువు చేపలు. ఒక టీచరమ్మ వాటిని చూసి ముక్కు విరిచి, పక్క తట్ట దగ్గరికి పోయి, "గుడ్లున్నదే ఇయ్యక్కా, పిల్లలకు మంచిది" అంది. ఎవరి పిల్లలకు మంచిదో అడగాలనిపించింది.

వానలు పోయాక అందరి వలల్లోనూ నాచే. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు సారు మీటింగు పెట్టి, మత్స్యకారులకు అవగాహన లేదన్నాడు. చప్పట్లు కొట్టింది మా సంఘమే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చలికాలమే మా ఆయన మళ్ళీ దుబాయి విమానం ఎక్కాడు.

ఈ ఏడు మిరుగు నాడు ఫోన్ చేశాడు. "మడుగుల ఎవ్వలన్న వల ఏసిండ్రా?"

"ఎవ్వలెయ్యలే. ఏసెటందుకు అండ్ల చేపలేడున్నయి?" అన్నాను.

ఆయన మెల్లగా అడిగాడు.

"మరి నేనొచ్చి ఏం జెయ్యాలె?"