తువాలు దేశానికి నేనొక్కణ్ణే

ఒంటరితనమంటే చుట్టూ మనుషులు లేకపోవడమేనని నమ్మే వయసులో నేను ఖతర్‌లో దిగాను. మనుషులు మరీ ఎక్కువైనా అదే జబ్బు వస్తుందని దిగాక తెలిసింది. ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర బర్వా అల్ బరాహాలో పనివాళ్ళ కోసం కట్టిన భవనాలు బారులు తీరి ఉంటాయి. అందులో ఒక గదిలో నాకో మంచం. గదిలో నలుగురం, నలుగురివీ నాలుగు రకాల డ్యూటీలు. నేను లేచేసరికి ఇద్దరు వెళ్ళిపోయి ఉండేవారు, నేను తిరిగొచ్చేసరికి ఒకడు ముసుగుతన్ని ఉండేవాడు. నన్ను అక్కడికి రప్పించిన మా బావ, అంటే మేనమామ కొడుకు, అదే గదిలో ఉండేవాడే గాని శుక్రవారం తప్ప ఆయన ముఖం చూసే యోగం లేదు. మిగతా రోజుల్లో దండెం మీద ఆరేసిన ప్యాంటు రూపంలోనే దర్శనమిచ్చేవాడు. ఆ రోజుల్లో నేను కుక్కర్‌తో మాట్లాడేవాణ్ణంటే మీరు నవ్వుతారు. (నవ్వండి, పరవాలేదు. అది ఈల వేసైనా జవాబిచ్చేది.)

నా ఉద్యోగం, ఎగ్జిబిషన్లలో స్టాళ్ళు కట్టే కంపెనీలో హెల్పర్. ప్లైవుడ్ మోయడం, మేకులు అందించడం, ఎవరైనా అరిస్తే అటు పరుగెత్తడం. ఆ చలికాలం దోహాలో దేశదేశాల ప్రదర్శన ఒకటి పెట్టారు. ప్రతి దేశానికీ ఒక స్టాల్ కట్టాం. పెద్ద దేశాలకు జలపాతాలూ గోపురాలూ కట్టి, అన్నీ అయిపోయాక మిగిలిన చెక్కతో, టాయిలెట్లకు వెళ్ళే దారిలో ఒక చిన్న స్టాల్ నిలబెట్టాం. దాని నెత్తిన బోర్డు బిగించింది నేనే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివితే 'తువాలు' అని వచ్చింది. తుండుగుడ్డలు అమ్మే కొట్టేమో అనుకున్నాను. అది దేశం పేరని మా సూపర్‌వైజర్ చెప్పాడు. ఆయన కేరళ మనిషి, మేమంతా చేట్టన్, అంటే అన్న, అని పిలిచేవాళ్ళం.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే చేట్టన్ చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఆ దేశం నుంచి రావలసిన ఆవిడ, తుఫాను మూలంగా దారిలో ఎక్కడో విమానం అందక ఆగిపోయిందట. స్టాల్ ఖాళీగా కనబడితే ప్రదర్శనవాళ్ళు మూసేయమంటారు, మూస్తే మా కంపెనీకి మాట వస్తుంది. అందుకని ఆయన ఆ దేశంవాళ్ళు ముందే పంపిన పెట్టెలోంచి ఒక మందారపూల చొక్కా, ఒక గవ్వల దండ తీసి నాకు తొడిగి, "ఇదర్ ఖడే రహో. కోయీ ఆయా తో హసో. బస్," అన్నాడు. ఇక్కడ నిలబడు, ఎవరైనా వస్తే నవ్వు, అంతే అని. "గడబడ్ కరేగా తో వాపస్ ఇండియా" అని కూడా కలిపాడు. నేను ఉద్యోగంలో చేరి ఇంకా మూడు నెలలు కాలేదు. ఊళ్ళో నాకు దండలేసి సాగనంపిన వాళ్ళ చేతులింకా ఆరలేదు. అప్పుడే వాపస్ పోతే ఆ ముఖం ఎక్కడ పెట్టుకోను? నవ్వాను.

మొదటి రోజు నవ్వడానికి కూడా ఎవరూ రాలేదు. టాయిలెట్‌కి వెళ్ళేవాళ్ళు నవ్వే తీరికలో ఉండరు, వచ్చేవాళ్ళు తడిచేతులు దులుపుకుంటూ నన్ను చూసి జాలిపడేవారు. పొద్దు గడవక గోడ మీది బొమ్మలూ రాతలూ చదవడం మొదలుపెట్టాను. పసిఫిక్ సముద్రంలో తొమ్మిది దీవులు. మొత్తం జనం పదకొండు వేలు. (మా మండలంలో జాతరకు అంతకంటే ఎక్కువమంది వస్తారు.) నది లేదు, కొండ లేదు, వానొస్తే తొట్లలో పట్టుకున్న నీళ్ళే నీళ్ళు. నేల ఎంత సన్నమంటే కొన్నిచోట్ల ఇటు తిరిగితే సముద్రం, అటు తిరిగితే సముద్రం. వారానికి రెండు మూడు విమానాలే వస్తాయి, అవి లేని వేళ పిల్లలు రన్‌వే మీద ఆడుకుంటారు. విమానం వస్తోందంటే సైరన్ మోగుతుంది, అంతా పక్కకు తప్పుకుంటారు. ఇక ప్రభుత్వం సంగతి చదివి నేను నమ్మలేకపోయాను. రాజుగారు ఇంగ్లండులో ఉంటారు. పార్లమెంటులో పదహారు మంది, పార్టీలు లేవు.

శుక్రవారం నాడు ఈ ముక్క మా బావకు చెబితే ఆయన సగం తిన్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "పార్టీలు లేవా? మరి ఎలచ్చన్లల్ల మందు ఎవలు పోస్తరు బామ్మర్ది?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "గది గోడ మీద రాయలేదా? ముఖ్యమైనదే రాయరు," అని ఆయన చాలాసేపు బాధపడ్డాడు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు చెప్పబోయాను. "దుబాయ్‌ల ఏం పని జేస్తున్నవ్ బిడ్డా?" అంది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా అమ్మకు అది దుబాయే. "తువాలు కాడ నిలవడుతున్ననే" అన్నాను. "తువాలలు అమ్ముడా? మంచిదే బిడ్డా. నీడపట్టున ఉంటవ్. ఒకటి మీ నాయినకు దాసిపెట్టు," అంది. కాదని విడమరిచి చెప్పడానికి నోరు రాలేదు. నేను ఇంకొకడి దేశం తొడుక్కుని నిలబడ్డానంటే ఏమనుకుంటుంది?

రెండో వారానికి జనం కాస్త రావడం మొదలయింది. ఒక సాయంత్రం తెల్లటి దుస్తుల్లో ఖతరీ పెద్దాయన ఒకరు చేతికర్ర ఊపుకుంటూ వచ్చి ఆగారు. ఆయనకు ఇంగ్లీషు అంతంత, నాకు అరబీ అంతకంటే అంతంత. ఇద్దరికీ ఉమ్మడిగా పనికొచ్చిన మాట ఒక్కటే, 'మాఫీ'. అంటే లేదు అని. "రివర్?" అన్నారాయన. "మాఫీ" అన్నాను. "మౌంటెన్?" "మాఫీ." "పెట్రోల్?" "మాఫీ." నదీ కొండా తమకూ మాఫీయేనని ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని చూపించారు. పెట్రోల్ విషయంలో మాత్రం నన్ను చూసి నిట్టూర్చారు. ఇలా దేశ భూగోళమంతా ఒక్క మాటలో ముగించాక, "యూ అలోన్?" అని అడిగారు. గోడ మీద ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎస్ అన్నాను. ఆయన నా భుజం తట్టి, జేబులోంచి రెండు ఖర్జూరాలు తీసి చేతిలో పెట్టి వెళ్ళారు. దోహా వచ్చాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. అదీ తువాలు మనిషిననుకుని.

ఆ మర్నాడే ప్రమాదం జరిగింది. కోస్తా నుంచి వచ్చి అల్ తుమామాలో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబం, భార్యాభర్తలూ నాలుగేళ్ళ పాపా, నా స్టాల్ ముందు ఆగారు. తెలుగు చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే చేట్టన్ ఎదురుగా నిలబడి కళ్ళెర్రజేశాడు. నోరు మూసుకుని నవ్వాను.

"చూడండి, అచ్చం మనవాళ్ళలాగే ఉన్నాడు. కరీంనగర్ వైపు కుర్రాడంటే నమ్మేయొచ్చు," అందావిడ.

"ద్వీపాలవాళ్ళు అలాగే ఉంటారు," అన్నాడు భర్త, అన్నీ తెలిసిన గొంతుతో.

"పాపం, చిక్కిపోయాడండీ. ఎంత దూరం నుంచి వచ్చాడో! వాళ్ళమ్మ ఎంత బెంగెట్టుకుందో."

మా అమ్మ బాగనే ఉన్నదమ్మా, తువాలలు అమ్ముతున్ననని నిమ్మలంగ ఉన్నది అని చెప్పాలని గొంతుదాకా వచ్చింది. మింగుకున్నాను. ఇంతలో ఆ పాప మెట్టు చూసుకోకుండా పరుగెత్తి తూలింది. "అరె పైలం బిడ్డా!" అని నా నోరు నన్ను అడగకుండానే అరిచింది.

అందరం కొయ్యబారిపోయాం. "తెలుగొచ్చా మీకు?" అన్నాడాయన. చేట్టన్ ఇంకా చూస్తూనే ఉన్నాడు. "తువాలు లాంగ్వేజ్, సర్. బిడ్డా మీన్స్ చైల్డ్. సేమ్ సేమ్," అన్నాను. నన్ను అనుమానిస్తాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా? మనవాళ్ళు ఓడలెక్కి ఎక్కడిదాకా వెళ్ళారో! ఈ మాట పెద్దలకు చెప్పాలి," అంటూ భార్యాబిడ్డలను లాక్కుని వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూసింది. ఆవిడకు తెలిసిపోయిందనే ఇప్పటికీ నా నమ్మకం.

పెద్దలకు చెప్పాలి అంటే మాటవరసకేమో అనుకున్నాను. మర్నాడు సాయంత్రం నిజంగానే ఇక్కడి తెలుగు సంఘం పెద్దలు నలుగురు శాలువాతో సహా దిగారు. అందులో ఉత్తరీయం వేసుకున్న ఒకాయన భాషాభిమాని. నన్ను నఖశిఖపర్యంతం పరిశీలించి, "నాయనా, నీళ్ళను మీ భాషలో ఏమంటారు?" అని అడిగాడు. నీళ్ళు అనలేక, ఇంకోటి తెలియక, "నీలూ" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. అన్నాన్ని "అనా" అన్నాను. ఇంకొకాయన రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇది ఎక్కడిదాకా పోతుందో, పేపర్లో పడితే నన్ను ఏ విమానం ఎక్కిస్తారో అని చేట్టన్ కోసం అటూ ఇటూ చూశాను.

సరిగ్గా అప్పుడు వాళ్ళ వెనక ఒక భారీ మనిషి కనబడింది. అరవై దాటిన ఆవిడ, పూల గౌను, తలకు పూలచుట్టు, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో చాప చుట్ట. గోడ మీది బొమ్మల్లోని మనుషుల పోలికే. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. చేట్టన్ ఆవిడ వెనకే పరుగెత్తుకొచ్చి, దారిలో ఆగిపోయిన దేశ ప్రతినిధి గారు ఇప్పటికి చేరారని పరిచయం చేశాడు. భాషాభిమాని ఆవిడకు రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీ భాషలో నాలుగు మాటలు మాట్లాడండి, మా చెవులు పావనం చేసుకుంటాం," అని ఇంగ్లీషులో వేడుకున్నాడు. ఆవిడ నా వైపు చూసింది. చేతులు జోడించే ధైర్యం లేక నేను కళ్ళతోనే జోడించాను.

ఆవిడ పెట్టె కింద పెట్టి, గొంతు సవరించుకుని, గంభీరంగా తన భాషలో ఏదో చెప్పింది. అందులో తెలుగు అన్నది మచ్చుకైనా లేదు. నలుగురూ కదలకుండా విన్నారు. చివరికి భాషాభిమాని కళ్ళు తుడుచుకుని, "యాస మారింది గాని జీవం పోలేదు," అన్నాడు. శాలువా ఆవిడకు కప్పి, ఫోటోలు దిగి, తృప్తిగా వెళ్ళిపోయారు.

వాళ్ళు కనుమరుగయ్యాక నేను ఆవిడ కాళ్ళ మీద పడినంత పనిచేశాను. నా ముక్కల ఇంగ్లీషులో నేనెవరో, ఎందుకు నిలబడ్డానో, నీలూ ఎందుకన్నానో అంతా చెప్పాను. చివరికి, "మీరు వాళ్ళకేం చెప్పారు?" అని అడిగాను. "నా కాళ్ళు వాచిపోయాయి, ఎవరైనా కుర్చీ ఇవ్వండి అన్నాను. ఎవరూ ఇవ్వలేదు," అంది. పరుగెత్తి కుర్చీ తెచ్చాను. ఆవిడ కూర్చుని, శాలువా ఒళ్ళో వేసుకుని, ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. ఆ నవ్వుకు పక్క స్టాళ్ళవాళ్ళు కూడా వచ్చి చూశారు. నన్ను పంపెయ్యొద్దని, సాయానికి తన దగ్గరే ఉంచాలని చేట్టన్‌తో ఆవిడే చెప్పింది.

ప్రదర్శన ముగిసేదాకా మేమిద్దరమే ఆ దేశం. నాకు తలోఫా అని పలకరించడం, ఫకఫెటై అని కృతజ్ఞత చెప్పడం నేర్పింది. మా చేమదుంపలాంటి దుంప వాళ్ళు గోతుల్లో పండిస్తారట. ఏటికేడాది సముద్రపు ఉప్పు ఆ గోతుల్లోకి ఊరి దుంప చచ్చిపోతోందట. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు. నా డబ్బాలోని పచ్చిపులుసు రుచి చూసి దగ్గింది, మర్నాడు మళ్ళీ అడిగింది. ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక చెప్పింది, ఇల్లు వదిలాక తన భాష మాట్లాడటానికి ఒక్క మనిషి దొరకలేదని, ఖతర్ మొత్తం మీద తన దేశం మనిషి తానొక్కతే అయి ఉంటుందని. నా భాషవాళ్ళు ఇక్కడ లక్షల మంది ఉన్నారు, అయినా మాట్లాడటానికి ఒక్కరూ దొరకలేదన్నాను. ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుని, "అయితే నువ్వు నీది మాట్లాడు, నేను నాది మాట్లాడతాను," అంది. అలాగే చేశాం. నేను మా ఊరి గురించి, అమ్మ గురించి, బావ ప్యాంటు గురించి తెలుగులో చెప్పుకుపోయేవాణ్ణి. ఆవిడ మధ్యమధ్య ఊ కొట్టేది. ఆవిడ చెబుతున్నప్పుడు ఒక్కోసారి మధ్యలో ఆగి శాలువాతో కళ్ళు ఒత్తుకునేది, అప్పుడు నేను ఊ కొట్టడం ఆపి ఆవిడ వైపు నీళ్ళ సీసా జరిపేవాణ్ణి.

చివరి రోజు సాయంత్రం స్టాల్ విప్పింది నేనే. బోర్డు దింపుతుంటే ఆవిడ కింద నిలబడి పట్టుకుంది. వెళ్ళేముందు తలలోని పూలచుట్టు తీసి నా తలకు పెట్టింది. వాళ్ళ దగ్గర ఇంటివాళ్ళను సాగనంపేటప్పుడు అలా పెడతారట. వెళ్ళేది ఆవిడైతే నన్ను సాగనంపడమేమిటని అడగలేదు. ఆ పువ్వులతోనే కంపెనీ బస్సెక్కాను. బస్సులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. క్యాంప్ వచ్చేదాకా తల కిటికీకి ఆనించకుండా నిటారుగా కూర్చున్నాను.

ఇప్పుడు నేను దోహాలోనే, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక సామాన్ల దుకాణంలో లెక్కలు చూస్తుంటాను. కళ్ళద్దాలొచ్చాయి, జుట్టు వెనక్కి నడుస్తోంది. పండగలకీ పబ్బాలకీ ఫోన్‌లో రికార్డు చేసి పంపిన ఆవిడ గొంతు వస్తుంది, అంతా వాళ్ళ భాషలోనే, ఒక్క ఇంగ్లీషు ముక్క ఉండదు. మొదటి నుంచి చివరిదాకా వింటాను. తర్వాత నేను కూడా అంతసేపూ తెలుగులో చెప్పి పంపుతాను. దుకాణానికి వచ్చే మనవాళ్ళు, "ఎవలన్నా, ఏం భాషది?" అంటే, "మా పెద్దమ్మ" అంటాను. వాళ్ళు నన్ను వింతగా చూసి, ఉల్లిగడ్డలు తూకమేయించుకుని పోతారు.

ఒక్కోసారి ఆ మందారపూల చొక్కా కుర్రవాడు గుర్తొస్తాడు. లక్షలమంది సొంతవాళ్ళున్న ఊళ్ళో ఒక్క పలకరింపుకు నోచుకోక, పదకొండు వేలమంది దేశం తనదని చెప్పుకున్నాక గాని పిలుపందని కుర్రవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వయిపోయాక కాసేపు ఏ లెక్కా తెగదు.