తండ్రి పేరుతో పంపిన రక్తం

ఆరేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మాత్రయితే ఈపాటికి కరిగిపోయేది. ఇది కరగలేదు. మింగుడూ పడలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం ఉంటే ఇంత కాగితం అవసరమే లేదు.

నేను నర్సుని. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి పిల్లల వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాక నన్ను రీసెర్చి నర్సుని చేశారు. పుట్టుకతోనే కండరాల్లో బలం లేని పిల్లలుంటారు. మెడ నిలబడదు, కూర్చోలేరు. అలాంటి బిడ్డ రక్తం, తల్లి రక్తం, తండ్రి రక్తం తీసి హైదరాబాదులోని ల్యాబుకి పంపాలి. వాళ్ళు జన్యువులు పరీక్షించి, జబ్బు ఎలా వచ్చిందో, పుట్టబోయే బిడ్డకి వచ్చే అవకాశం ఎంతో చెబుతారు. మా అత్తగారు వీధిలో అందరికీ "మా కోడలు రిచ్చి నర్సు" అని చెప్పుకుంది. రీసెర్చి అనే మాట ఆవిడ నోట్లో అలా తయారైంది. నేను దిద్దలేదు. తప్పుని దిద్దకుండా వదిలేయడం నాకు అప్పటికే అలవాటన్నమాట.

ఈ పనిలో రక్తం తీయడం చిన్న సంగతి. ఎంత సన్నటి నరమైనా నా వేలికి దొరుకుతుంది. అసలు పని మాట్లాడటం. జనం డాక్టరు ముందు తలూపుతారు. బయటికొచ్చి నన్నడుగుతారు, "ఇందాక ఆయన చెప్పింది ఏందమ్మా?" అని. ఇంకో పని కూడా ఉంది. ట్యూబు మీద ఉన్న పేరూ, నా ముందు కూర్చున్న మనిషీ ఒకరేనని చూసుకోవాలి. ల్యాబులో ఎంత గొప్ప యంత్రమున్నా ట్యూబు మీద నేను రాసిందే నమ్ముతుంది. పాపం, దానికి నా సంగతి తెలియదు.

ఆమెని కోటేశ్వరి అనుకుందాం. మా వైపు వీధికి ముగ్గురు కోటేశ్వరులుంటారు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. క్రోసూరు దగ్గర పల్లెటూరు. రెండేళ్ళ పాపని భుజాన వేసుకుని బస్సు మారి వచ్చేది. భర్త పత్తి లారీ డ్రైవరు. రెండుసార్లు రమ్మంటే రెండుసార్లూ అతను లోడు మీద ఉన్నాడు. మూడోసారి ఆమె వెంట మరిది వచ్చాడు. అన్న శీనుకి బదులు తమ్ముడు రాజు. ఈ పేర్లు కూడా అసలువి కావు.

"అన్న నాగపూరు పోయాడు సిస్టరమ్మా. నాది తీసుకోండి" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నీదెందుకయ్యా, తండ్రిది కావాలి."

"మా అన్నకి బదులు అన్నిటికీ నేనే గదా. ఎరువుల లైనుకి నేనే, కరెంటాఫీసుకి నేనే. వాడి పెళ్ళిచూపులకి కూడా ముందు నేనే పోయొచ్చా."

"ఆ, పోయి జిలేబీలు తినొచ్చాడు" అంది కోటేశ్వరి. "పిల్లెట్టా ఉందిరా అంటే, జిలేబీ బాగుంది అన్నాడంట."

అందరం నవ్వాం. నవ్వులో ఉండగానే నేను సూది విప్పాను.

అన్నకి బదులు తమ్ముడు నిలబడటం మా దగ్గర ఎవరికీ వింత కాదు. ఇంట్లో మనిషి వస్తే ఇల్లంతా వచ్చినట్టే. వాళ్ళిద్దరికీ అందులో తప్పేమీ కనపడలేదు, కనపడే అవసరమూ లేదు. నాకు కనపడింది. రెండు రోజులు శిక్షణ ఇప్పించి మరీ నాకు నేర్పారు, అన్నదమ్ములైనా జన్యువులు ఒకటి కావని. మరి ఎందుకు తీశాను? నాలుగోసారి ఆ పిల్లని మోసుకుని రానక్కర్లేదని జాలిపడ్డాననుకుంటే రాసుకోవడానికి బాగుంటుంది. కానీ ల్యాబుకి ఐసు పెట్టె తీసుకెళ్ళే మనిషి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆ కుటుంబంతో నా పని తెమిలిపోతుందనిపించింది. జాలి ఎంత, బద్ధకం ఎంత అని ఏ ల్యాబు విడదీసి చెబుతుంది?

"ఇక్కడ మీ అన్న పేరు రాయి" అని ఒప్పుకోలు కాగితం మీద వేలు పెట్టి చూపించాను. రాశాడు. ట్యూబు మీద నేను రాశాను. తండ్రి, శీను.

"ఏం కాదుగా సిస్టరమ్మా?" అంది కోటేశ్వరి.

"ఏం కాదులే."

కొన్ని నెలల తర్వాత డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించారు. మంచి మనిషి. ఆ మంచితనమే నన్ను ఇంకా కాలుస్తోంది. ల్యాబు నుంచి కబురొచ్చిందన్నారు. తండ్రి అని పంపిన రక్తం, పాప రక్తం కలవలేదు. పోనీ పరాయి మనిషా అంటే అదీ కాదు, దగ్గరి చుట్టరికమే.

"పాపకి తండ్రి ఆమె భర్త కాదు. భర్త అన్నో తమ్ముడో అయ్యుండాలి" అన్నారు గొంతు తగ్గించి. తర్వాత నా వైపు చూసి, "ట్యూబులేం మారలేదుగా? నువ్వే తీశావా?" అని అడిగారు.

అంతకన్నా సూటి ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

"నేనే తీశాను సార్."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంత నిజం చెప్పి అంత అబద్ధం ఆడటం నాకెలా వచ్చిందో నాకే తెలియదు. నోరు తెరిచి, అది మరిది రక్తం సార్ అంటే సరిపోయేది. అంటే నా ఉద్యోగం పోతుంది, నేను అంతకుముందు తీసిన రక్తాలన్నీ అనుమానంలో పడతాయి, నలుగురిలో పరువు పోతుంది. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో ఆలోచించానా? లేదు. ఇవన్నీ తర్వాత కూడబెట్టుకున్న సాకులు. ఆ క్షణంలో భయం తప్ప ఇంకేమీ లేదు.

"ఈ సంగతి బయటికొస్తే ఆ పిల్ల కాపురం కూలిపోతుంది" అన్నారాయన. "ఈ కుటుంబాన్ని పరిశోధన నుంచి తీసేద్దాం. ఏమీ తేలలేదని చెప్పు." కోటేశ్వరిని కాపాడుతున్నానని ఆయన నమ్మకం. ఆమె మీద పడ్డ మచ్చ అక్కడ ఒక ఫైలులోకి వెళ్ళిపోయింది. వేసిన చెయ్యి నాది.

కోటేశ్వరికి నేనే చెప్పాను, ఏమీ తేలలేదని. ఆమె ఊపిరి పీల్చుకుంది. నేనది చూసి కూడా ఊరుకున్నాను.

ఏడాది తిరక్కముందే పాప పోయింది. ఆ తర్వాత కోటేశ్వరి ఐదో నెల కడుపుతో ఆస్పత్రికి వచ్చింది. అప్పటికి ఆ డాక్టరుగారు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు, పరిశోధన కూడా ముగిసింది. "గుంటూరు పోయి పెద్ద డాక్టరుకి చూపించుకో" అన్నాను.

"ఎందుకు సిస్టరమ్మా? ఏం తేలలేదన్నావుగా. అంటే ఏం లేదనేగా?"

"ఊరికే, ఒకసారి."

ఊరికే ఎవరు గుంటూరు వెళతారు? వెళ్ళలేదు. బాబు పుట్టాడు. ఆరో నెలకీ మెడ నిలబడలేదు. ఇప్పుడు మూడేళ్ళు. కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతాడు. కళ్ళు మాత్రం చాలా చురుకు, గదిలో ఎవరు కదిలినా వెంట తిరుగుతాయి.

పోయిన వేసవిలో చెప్పేద్దామని వాళ్ళ ఊరు వెళ్ళాను. బస్సులో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. కోటేశ్వరి మజ్జిగ ఇచ్చింది. "ఇంత దూరం వచ్చింది చూడత్తా, సొంత అక్కయినా రాదు" అంది. అత్తగారు మంచం మీద నుంచి లేవకుండానే, "వచ్చి ఏం లాభం? ఏమే, నీ కడుపులోనే ఏదో దోషం ఉంది, అది ముందు చూపించుకో" అంది.

నేను పట్టలేక, "అలా అనకండి పెద్దమ్మా, ఈ జబ్బు సాధారణంగా ఇద్దరి వైపు నుంచీ వస్తుంది" అన్నాను.

"మా వాడికి ఉందని కాయితం ఉందా నీ దగ్గర?"

లేదు. ఉండవలసిన కాగితాన్ని లేకుండా చేసింది నేనే. కోటేశ్వరి తల వంచుకుని బాబు నోరు తుడిచింది. నేను మజ్జిగ తాగాను. గ్లాసు అయిపోయినా చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను. చెబితే మొత్తం చెప్పాలి. మొత్తం చెబితే, ఆమె గురించి డాక్టర్లు ఏమనుకున్నారో కూడా చెప్పాలి. ఆ అత్త ముందా? ఒక్కసారి ఆ మాట ఆ గదిలో పడితే, అది తప్పని ఎంత చెప్పినా ఎవరు నమ్ముతారు? అందుకే ఆగాననుకుంటాను. మళ్ళీ నన్ను నేనే అడుగుతాను: ఆమె కోసం ఆగావా, నీ కోసం ఆగావా? జవాబు ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది.

ముగ్గురి రక్తం మళ్ళీ తీయించవచ్చని మీరంటారేమో. నేనూ అనుకున్నాను. వాకిట్లో నిలబడి, గుంటూరులో ఇంకోసారి పరీక్ష చేయిద్దాం, నేను వెంట వస్తానన్నాను. కోటేశ్వరి నవ్వింది. "ఒకసారి చేశారుగా సిస్టరమ్మా. వాళ్ళకే తేలనిది ఇంకెవరికి తేలుద్ది?" అంది. బస్సొచ్చింది. ఎక్కాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించగలిగిన మనిషికి క్షమించవలసిన సంగతే తెలియదు. డాక్టరుగారి గదిలో ఆ రోజు అనవలసిన మాటలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

అది తండ్రి రక్తం కాదు సార్. పాప బాబాయిది. తెలిసే తీశాను. కోటేశ్వరి ఏ తప్పూ చేయలేదు.