నేను కొలవని గేటు

నాలుగేళ్లుగా ఒక సంతకం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక కౌన్సిల్లో, అంటే మన మునిసిపాలిటీ లాంటి దాంట్లో, ఉద్యోగం నాది. ఇళ్లలో ఈతకొలనుల చుట్టూ కంచె, గేటు సరిగ్గా ఉన్నాయో లేదో కొలిచి సంతకం పెట్టాలి. ఈ పనిని రాష్ట్ర ప్రభుత్వం మా నెత్తిన పెట్టింది. డబ్బివ్వలేదు, మనుషుల్నివ్వలేదు. ఉన్న ఇద్దరమే అన్ని ఇళ్లూ తిరగాలి. ఇదంతా నిజం. నిజం కాబట్టే దాని చాటున దాక్కోవడం నాకింత తేలికైంది.

మా కౌన్సిల్ కిందికే వచ్చే వెర్రిబీలో ఒక అంకుల్ ఉన్నారు, గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఇంజనీరు. మేమీ దేశం వచ్చిన కొత్తలో, ఇల్లు దొరికేదాకా, మూడు వారాలు వాళ్లింట్లోనే తిన్నాం, పడుకున్నాం. ఒకరోజు ఆయన ఇల్లు నా జాబితాలో వచ్చింది. వంటింటి కిటికీలోంచి చూస్తే, దానంతటదే మూసుకోవాల్సిన కొలను గేటు బార్లా తెరిచి ఉంది, మూసుకోకుండా పూలకుండీ అడ్డం పెట్టి. ఎండ బాగా పడుతుందని ఆంటీ ఆ కొలను గట్టున వడియాలు పెట్టారు.

“గేటు ఒకసారి చెక్ చేస్తాను అంకుల్,” అన్నాను.

“చేద్దువులే అమ్మా, ముందు కాఫీ తాగు. మనవరాలొచ్చినప్పుడు నేనే క్లోజ్ చేస్తాగా. మనింటికి కూడా ఇన్‌స్పెక్షనేంటి?”

కాఫీ తాగాను. పెద్దాయన ముందు కొలిచే టేపు తియ్యడానికి మొహమాటమేసింది. అన్నం పెట్టిన ఇంట్లో తప్పులు వెతుకుతానా అనుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టి, ఆంటీ ఇచ్చిన వడియాల పొట్లంతో బయటపడ్డాను. ఆ సాయంత్రమే వేయించుకుని తిన్నాం.

రెండు నెలలకు మనవరాలు ఆ గేటులోంచే వెళ్లి నీళ్లలో పడింది. మూడేళ్ల పిల్ల. బతికింది గానీ మాట పోయింది, ఇప్పటికీ రాలేదు. విచారణలో నేను, గేటు కొలవకపోవడానికి కారణం పనిభారమని రాశాను. ఒక్కో ఇంటికి పది నిమిషాలే దొరికాయని రాశాను. ఎవరూ తిరిగి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఏమో, నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు, డబ్బివ్వకుండా కౌన్సిళ్లకు పనులు అంటగట్టడాన్ని నిషేధిస్తూ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలా అని రాష్ట్ర పార్లమెంటు కమిటీ విచారిస్తోంది. ఇక్కడ రాష్ట్రాలకూ సొంత రాజ్యాంగం, పార్లమెంటు ఉంటాయి. ఆ సవరణ రావాలనే నేనూ కోరుకుంటాను. అందుకు మా కౌన్సిల్ చూపిస్తున్న ఉదాహరణ ఆ పాపే. మంగళవారం సాక్ష్యం చెప్పాల్సింది నేను. నిజం చెబితే న్యాయమైన కోరిక నావల్ల చెడుతుందని భయం. చెప్పకపోతే అది నా అబద్ధం మీద నిలబడుతుంది. లేక ఇదంతా ఉద్యోగం పోతుందన్న భయానికి నేను వేస్తున్న ముసుగా? ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను.

నిన్న అంకులే ఫోన్ చేశారు. సవరణకు మద్దతుగా వినతిపత్రం మీద తానూ సంతకం పెట్టారట. “నువ్వు చూస్తానంటే కాఫీ అని ఆపింది నేనే కదమ్మా,” అన్నారు. నేను కిటికీలోంచి చూశానని ఆయనకు తెలియదు. ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. మంగళవారం ఏం చెబుతానో నాకే తెలియదు. ఇక్కడ మాత్రం, మొదటిసారి, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ రోజు తర్వాతి ఇంటివాళ్లు రావద్దన్నారు, మధ్యాహ్నమంతా నాకు ఖాళీయే. గేటు తెరిచి ఉండటం చూశాను. చూసే సంతకం పెట్టాను.