నాగలింగాచారి కత్తి

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే నాగలింగాచారి ఆదివారం ఉలి ముట్టడు. గోళ్లలోని రాతిపొడి కడుక్కుని, కూతురు హారిక పక్కన చాపమీద చేరి వీడియో గేమ్ ఆడతాడు. ఇరవై ఏళ్లుగా ఒకే వీరుడి కథ; కత్తితో గుహలు దాటే ఆ ఆటకు కొత్త భాగం వచ్చినప్పుడల్లా నంద్యాల పోయి తెచ్చుకున్నాడు. అన్నిట్లోనూ బొటనవేలితో బటన్ నొక్కితే కత్తి దిగేది.

ఈ కొత్త భాగంలో ఆ బటన్ లేదు. చేతిలోని రిమోటునే పట్టుకుని కత్తిలా గాలిలో ఊపాలి; చెయ్యి ఎంత జోరుగా ఊగితే టీవీలో కత్తి అంత జోరుగా దిగుతుంది. ఆచారి లేచి నిలబడి చెయ్యెత్తుతాడు, ఉలి మీదికి సుత్తి దించినట్టు జానెడు దించి ఆపేస్తాడు. ఒక్క దెబ్బ ఎక్కువైతే దేవుడి ముక్కు రాలిపోతుందని ముప్పై ఏళ్లుగా భయపడిన చెయ్యి అది. టీవీలో కత్తి కదలదు. రాక్షసుడు వీరుణ్ణి మళ్లీ చంపేస్తాడు.

“గట్టిగా ఇసురు నాయనా! ఆడ రాయి లేదు,” అంది హారిక, ఏడోసారి.

ఆచారి చొక్కా చెమటకు తడిసిపోయింది. రిమోటు కూతురి చేతిలో పెట్టాడు. “ఇంగ నువ్వాడు, నేను సూస్తా. రాయి లేదని నాకు తెలుసు పాపా. ఈ చేతికి ఎవురు చెప్పాల?”